పూసిన పువ్వు ఎవరి పుణ్యం?

వానలు మొదలయ్యాక తెలుగు ఊళ్లలో ఏదో ఒక ఇంట బ్రహ్మకమలం పూసిందన్న కబురు వినిపిస్తుంది. సాయంత్రం మొగ్గ ఉబ్బి తల ఎత్తగానే ఇరుగుపొరుగుకు చెబుతారు. కుండీ ముందు దీపం పెట్టి, పసుపు కుంకుమలు చల్లి, పువ్వు పూర్తిగా విచ్చుకునే వేళకు హారతి ఇస్తారు. ఆ ఇంటికి మంచి రోజులొచ్చాయనీ, ఆ ఇంటివాళ్లు ఏనాడో పుణ్యం చేసుకున్నారనీ వచ్చినవాళ్లు అంటారు. అదే మొక్కను ఏళ్ల తరబడి పెంచుతున్నా పువ్వు చూడని ఇంటివాళ్లకు ఆ మాట లోలోపల గుచ్చుకుంటుంది. తమ పూజలో లోపమేమైనా ఉందా అన్న అనుమానం మొదలవుతుంది. అందుకే ఈ ప్రశ్నను నెమ్మదిగా ఆలోచించాలి. ఒక మొక్క పూయడానికీ, పెంచినవాళ్ల పుణ్యానికీ సంబంధం ఉందా? ఉందనే నేను నమ్ముతున్నాను. కాకపోతే మనం దాన్ని వెతకవలసిన చోట వెతకడం లేదు. పువ్వు విచ్చుకున్న రాత్రిలో బహుమానాన్నీ శకునాన్నీ చూస్తున్నాం. పుణ్యమన్నది ఏడాది పొడవునా ఆ మొక్కకు జరిగిన సేవలో ఉంది. పువ్వు రాని ఏడు కూడా ఆ సేవ విలువ ఆవగింజంత తగ్గదు.

ముందు మొక్క సంగతి తెలుసుకోవాలి. వృక్షశాస్త్రంలో దీని పేరు ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. నర్సరీల్లో ఆర్కిడ్ కాక్టస్ అనే పేరుతో దొరికే మొక్కల్లో ఇదొకటి. పగలు పూసే ఎరుపు, గులాబీ, పసుపు రంగుల సంకర రకాలకూ అదే పేరు వాడతారు. దీని పుట్టిల్లు మెక్సికో నుంచి మధ్య అమెరికా వరకు ఉన్న తేమ అడవులు. కాక్టస్ అనగానే ఇసుక, మండుటెండ, ముళ్లు గుర్తొస్తాయి గానీ ఇది ఎడారిని ఎరగని మొక్క. పెద్ద చెట్ల కొమ్మల సందుల్లో ఆకులు రాలి చివికిన చోట వేళ్లూనుకుని, ఆ చెట్ల నీడలో బతుకుతుంది. బదనికలాగా చెట్టు రసం పీల్చదు, నిలబడడానికి చోటు మాత్రం తీసుకుంటుంది. మనం ఆకులనుకునేవి నిజానికి బల్లపరుపుగా సాగిన కాండాలు. వాటి అంచుల్లో ఉండే నొక్కుల దగ్గరే మొగ్గ పుడుతుంది. పగటి వేడికి ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా ఈ మొక్క తన సూక్ష్మరంధ్రాలను రాత్రిపూట తెరిచి, గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని దాచుకుంటుంది. తెల్లవారాక వెలుతురు సాయంతో దాన్ని ఆహారంగా మార్చుకుంటుంది. మనం నిద్రపోయే వేళ దానికి పనివేళ.

ఇక పువ్వు. తెల్లని రేకులు, గది నిండిపోయే సువాసన, రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోవడం, సన్నని పొడవాటి గొట్టం, దాని అడుగున మకరందం. ఈ లక్షణాలన్నీ ఒకే అతిథిని పిలుస్తున్నాయి. పుట్టింటి అడవిలో చీకట్లో ఎగిరే, పొడుగాటి తొండమున్న హాక్‌మాత్‌ల వంటి పురుగుల కోసం ఏర్పడిన పువ్వు ఇది. చీకట్లో తెలుపు కనబడుతుంది, దూరం నుంచి వాసన దారి చూపిస్తుంది. అంటే పువ్వు విచ్చుకోవడానికి ఇంటి యజమాని జాతకంతో పని లేదు. అది తన వంశం నిలుపుకునే ప్రయత్నంలో ఉంది. బాల్కనీ గ్రిల్ వెనుక ఆ అతిథి సాధారణంగా రాదు, వచ్చినా పుప్పొడి ఇవ్వడానికి అదే జాతికి చెందిన వేరే మొక్క దగ్గర్లో ఉండదు. అందువల్ల మన ఇళ్లలో చాలా పువ్వులు కాయ కట్టకుండానే వాడిపోతాయి. ఇది తెలిశాక ‘మా కోసం పూసింది’ అనడానికి మనసు జంకాలి. పువ్వు పూసిన వారంలోనే ఉద్యోగం రావడం, సంబంధం కుదరడం జరిగితే, వాటిని కాకతాళీయ న్యాయం అనడం మన తార్కికులకు ఎప్పటి నుంచో తెలుసు. కాకి వాలడం, తాటిపండు పడడం రెండూ నిజమే. ఒకటి రెండోదానికి కారణం అనడమే తప్పు. పైగా పువ్వు పూసిన ఇంట్లోనే చావు జరిగితే ఎవరూ దాన్ని పువ్వుకు అంటగట్టరు. అనుకూలమైనవి మాత్రమే లెక్కకు తీసుకునే నమ్మకాన్ని సాక్ష్యం అనలేం.

శకునం కాకపోతే మరి ఎందుకు ఒక ఇంట పూస్తుంది, పక్కింట పూయదు? దానికి కారణాలు చాలావరకు కంటికి కనిపించేవే. తూర్పు కిటికీ దగ్గర ఉదయపు లేత ఎండ, ఆ తర్వాత రోజంతా మంచి వెలుతురు దీనికి సరిపోతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలితే కాండాలు పాలిపోయి మాడతాయి. మూల గదిలో చీకటిలో ఉంచితే సన్నగా, పొడుగ్గా సాగి మొగ్గ తొడగదు. బంకమట్టి పనికిరాదు. కొబ్బరిపొట్టు, చివికిన ఆకులు, చెట్టు బెరడు ముక్కలు, కొంచెం ఇసుక లేదా పెర్లైట్ కలిపిన గుల్ల మట్టి కావాలి, ఎందుకంటే దాని వేళ్లకు చెట్టుకొమ్మ మీద గాలి అలవాటు. పైమట్టి ఒక అంగుళం ఆరాక నీళ్లు పోయాలి, పళ్లెంలో నిల్వ ఉండనివ్వకూడదు. చలికాలంలో నీళ్లు తగ్గించి, ఎరువు మానేసి విశ్రాంతి ఇవ్వాలి. పగలు పూసే సంకర రకాలకైతే 10 నుంచి 15 డిగ్రీల చల్లదనం కొన్ని వారాలు దొరికితే మొగ్గలు బాగా వస్తాయి. నత్రజని ఎక్కువైతే పచ్చదనమే తప్ప పువ్వు రాదు. వేళ్లు కుండీని కొంచెం ఇరుకుగా నింపుకున్నప్పుడు పూత బాగా వస్తుంది, కాబట్టి మాటిమాటికీ పెద్ద కుండీలోకి మార్చకూడదు. పిండినల్లి పడితే గుడ్డతో తుడిచి వేపనూనె కలిపిన నీళ్లు చల్లాలి. కొమ్మ ముక్క నాటినప్పటి నుంచి తొలి పువ్వుకు సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది. పక్కింట పూయకపోవడానికి వాళ్ల పాపం కారణం కాదు. బహుశా వాళ్ల కిటికీ పడమటి వైపుంది.

ఇక్కడే ఒక భక్తుడు అభ్యంతరం చెప్పవచ్చు. ‘వెలుతురు, మట్టి, నీళ్లు అంటూ అన్నింటికీ కారణాలు చెప్పేశాక ఇంకా దైవానికి చోటెక్కడిది? హారతి పళ్లెం పక్కన పెట్టి ఎరువుల పుస్తకం చదువుకోమంటారా?’ ఈ అభ్యంతరం వెనుక ఒక పొరపాటు దాగి ఉంది. మనకు కారణం తెలియని చోట మాత్రమే దేవుడు ఉంటాడని అది ఒప్పుకుంటోంది. అలాంటి దేవుడు ప్రతి కొత్త విషయం తెలిసినప్పుడల్లా కొంత కొంత వెనక్కి తగ్గాలి. మన శాస్త్రాలు అంత బలహీనంగా ఆలోచించలేదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పని సిద్ధించడానికైనా ఐదు కారణాలు చెబుతుంది. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదవది దైవం. దైవాన్ని మిగతా నాలుగింటికి పోటీగా పెట్టలేదు, వాటి సరసనే లెక్కపెట్టింది. నాలుగు కారణాలూ తెలిసిపోతే ఐదవది మాయమవుతుందని అనలేదు. ఆ వెంటనే, తానొక్కడే కర్తనని అనుకునేవాడు సరిగా చూడడం లేదని కూడా చెబుతుంది. అంటే ఆ లెక్క మనకు దైవం ఉనికిని రుజువు చేయడానికి వేసినది కాదు, మన అహంకారానికి హద్దు గీయడానికి వేసినది.

ఈ ఐదో కారణాన్ని పెద్దలు ఎలా అర్థం చేసుకున్నారో చూస్తే మన కిటికీ దగ్గరి మొక్కకే వస్తాం. శంకరాచార్యులు తన భాష్యంలో అధిష్ఠానమంటే శరీరమన్నారు, దైవమంటే కన్ను మొదలైన ఇంద్రియాలకు తోడ్పడే ఆదిత్యుడు మొదలైన దేవతలన్నారు. కన్ను ఎంత ఆరోగ్యంగా ఉన్నా వెలుతురు లేకపోతే చూడలేదు. ఆ వెలుతురును కన్ను తయారు చేసుకోలేదు. రామానుజులు అదే మాటకు అందరి లోపల ఉండి నడిపించే పరమాత్మ అని అర్థం చెప్పారు. ఇద్దరి దారులు వేరైనా ఒక విషయంలో కలుస్తారు. పని చేసేవాడి చేతిలో లేనిదేదో ప్రతి పనిలోనూ పాలు పంచుకుంటుంది. ఆర్కిడ్ కాక్టస్ విషయంలో అదేమిటో వేలెత్తి చూపించవచ్చు. కుండీ ఎక్కడ పెట్టాలో మనం నిర్ణయిస్తాం, ఎండను మనం కాయించలేం. నీళ్లు మనం పోస్తాం, నీటిని పైకి పంపే కణాలను మనం కట్టలేదు. మొగ్గ తొడిగే శక్తి లక్షల ఏళ్లుగా ఆ జాతి సంపాదించుకున్నది. వీటిలో ప్రతిదాన్నీ శాస్త్రం వివరించగలదు. వివరించగలగడం వేరు, అది మన సొంతం కావడం వేరు. కారణం తెలిసినంత మాత్రాన ఇచ్చినవాళ్లం మనం అయిపోం. అందుకే కారణాలు తెలిసిన మనిషి హారతి ఇవ్వడంలో అసంబద్ధత లేదు. తనకు దక్కినదాంట్లో తన వాటా ఎంత చిన్నదో అతనికే బాగా తెలుసు.

ఇప్పుడు రెండో వైపు నుంచి ఒక అభ్యంతరం. ‘సేవలోనే పుణ్యముందంటున్నారు, కానీ మొక్క పెంచేవాళ్లంతా పువ్వు కోసమే పెంచుతారు. అది కోరికతో చేసే పనే కదా? నిష్కామం ఎలా అవుతుంది?’ నిష్కామకర్మ అంటే ఫలితం ఏమైతే నాకేమిటి అనే నిర్లక్ష్యమని చాలామంది అనుకుంటారు. ఫలితం పట్టని మనిషి చేతిలో ఏ మొక్కా బతకదు. కర్మలో నేర్పే యోగమని చెప్పిన గీత పనిని పాడుచేయమని ఎలా చెబుతుంది? అది వదిలిపెట్టమన్నది ఫలితం మీద హక్కును. ఈ తేడా వేదాంత చర్చల్లో కన్నా ఈ మొక్క పెంపకంలో స్పష్టంగా తెలుస్తుంది. పువ్వు మీద ఆత్రం పెరిగినవాళ్లు చేసే పనులు చూడండి. రోజూ నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెడతారు. ఇంట్లో పెరిగే కాక్టస్‌లు ఎక్కువగా చచ్చిపోయేది దాహంతో కాదు, అతినీటితోనే. ఎరువు రెట్టింపు వేస్తారు, పచ్చదనమే మిగులుతుంది. మొగ్గ కనబడగానే అందరికీ కనిపించేలా కుండీని హాలులోకి మారుస్తారు, వెలుతురు దిశ మారి మొగ్గ రాలిపోతుంది. ఫలం మీది ఆశ చూపును మొక్క మీది నుంచి తప్పించి రేపటి మీదకు తిప్పుతుంది. చూపు తప్పగానే సేవ చెడుతుంది. ఫలాపేక్ష వదలమన్నది సన్యాసులకు మాత్రమే చెప్పిన కఠిన నియమం కాదనీ, పని సరిగా జరగడానికి అవసరమైన షరతు అనీ ఇక్కడ అర్థమవుతుంది.

మీమాంసకులు కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విడదీశారు. రోజూ చేసి తీరవలసింది నిత్యం, ఏదైనా సందర్భం వచ్చినప్పుడు చేసేది నైమిత్తికం, ఫలానా ఫలితం కోరి చేసేది కామ్యం. మన బ్రహ్మకమల పూజను ఈ వరుసలో పెట్టి చూస్తే ఎక్కడ దారి తప్పామో తెలుస్తుంది. మట్టి వేలితో తాకి తడి చూడడం, దుమ్ము పట్టిన కాండాలు తుడవడం, పురుగు పట్టిందేమోనని వెతకడం నిత్యకర్మ. పువ్వు పూసినప్పటి హారతి నైమిత్తికం. మనం నిత్యాన్ని మరిచి నైమిత్తికాన్ని కామ్యంగా మార్చుకున్నాం. పువ్వు ముందు నిలబడి కోరికలు చెప్పుకుంటున్నాం. గీత తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడు భక్తితో ఇస్తే తీసుకుంటానన్న వాటిలో పువ్వు ఒక్కటే లేదు. ఆకు, పండు, నీళ్లు కూడా ఉన్నాయి. నీళ్లు కూడా నైవేద్యమే అయినప్పుడు, ప్రాణమున్న మొక్కకు శ్రద్ధగా పోసిన చెంబెడు నీళ్లు దేవుడికి చేరవని అనడానికి ఆధారమేమీ లేదు. పువ్వు పూయని ఇంట కూడా ఆ నైవేద్యం నడుస్తూనే ఉంది. ఆ ఇంటివాళ్లు తమ పూజలో లోపముందని కుంగిపోవలసిన పని లేదు.

ఇంట్లో పెంచడం అన్న మాటలోనే మరో బాధ్యత ఉంది. అడవిలో ఈ మొక్కకు వాన ఉంది, రాలే ఆకుల ఎరువుంది, తేమ గాలి ఉంది. మనం దాన్ని వాన పడని కప్పు కిందికి తెచ్చాం. ఆ క్షణం నుంచి వాన చేసే పని మన మీద పడింది. ఇలా బంధించడమే హింస కదా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. మహాభారతం శాంతిపర్వంలో భృగువు భరద్వాజుడికి చెట్లకు ప్రాణముందని వాదిస్తూ, వేడికి ఆకు వాడడం, తీగ దారి వెతుక్కుంటూ అల్లుకోవడం, వేళ్లతో నీళ్లు తాగడం వంటి కళ్లెదుటి గుర్తులనే సాక్ష్యంగా చూపుతాడు. చెట్టుకు మనలాగా నొప్పి తెలుస్తుందని నేటి శాస్త్రం చెప్పదు. అయినా భృగువు పద్ధతి నిలుస్తుంది. ఎదుటి ప్రాణిని గమనించి దాని అవసరం తెలుసుకోమంటుంది. మన ఇళ్లలో ఉన్నవి అడవి నుంచి పెరికి తెచ్చినవి కావు, తరాలుగా కొమ్మ ముక్కల నుంచి కుండీల్లోనే పుట్టి పెరిగినవి. వాటిని వదిలేస్తే స్వేచ్ఛ రాదు, చావు వస్తుంది. కాబట్టి ఇక్కడ అహింస అంటే వదిలేయడం కాదు, చేపట్టిన భారాన్ని చివరిదాకా మోయడం. వేసవి సెలవులకు ఊరెళ్తూ మొక్కను ఎవరికీ అప్పగించకుండా తాళం వేసుకుని వెళ్లినవాళ్లు, పూసినప్పుడు ఎంత వైభవంగా హారతి ఇచ్చినా ఆ బాకీ తీరదు.

మరికొందరు దీని స్థానికతను ప్రశ్నిస్తారు. హిమాలయాల్లో పూసే, కేదారనాథ్, బదరీనాథ్ ఆలయాల్లో సమర్పించే బ్రహ్మకమలం వేరు. అది సాసూరియా ఆబ్‌వల్లాటా, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది, సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైన బతికేది. మన కుండీలోనిది అది కాదు. ఈ నిజాన్ని దాచకూడదు, అబద్ధం మీద భక్తి నిలవకూడదు. అయితే మెక్సికో మొక్క కాబట్టి పూజకు తగదనడం మాత్రం చెల్లదు. బతుకమ్మలో, సంక్రాంతి గొబ్బెమ్మల మీద, దసరా గుమ్మాలకు కట్టే తోరణాల్లో మెరిసే బంతి కూడా ఆ మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచే వచ్చింది. గుళ్ల ఆవరణల్లో పూసే దేవగన్నేరూ అమెరికా ఖండాలదే. వాటిని మన దేవతలు కాదనలేదు. చైనాలోనూ ఇదే ఎపిఫిల్లమ్‌కు బౌద్ధ గ్రంథాల్లో అరుదైన పువ్వుగా చెప్పిన ఉదుంబర పుష్పం పేరు అంటుకుంది. ఒకే మొక్క రెండు దేశాల్లో రెండు మతాల చేత గౌరవం పొందిందంటే, ఆ గౌరవం దాని పుట్టుకను చూసి వచ్చినది కాదు. ఒక రాత్రిలో అంత అందం వచ్చి పోవడం చూసిన మనిషికి కలిగే వినయమే దానికి మూలం. ఆ వినయం నిజమైనదే.

ఈ పూజలో ఒక మంచి సంగతి ఉంది, దాన్ని గట్టిగా నిలబెట్టుకోవాలి. చాలా ఇళ్లలో ఈ పువ్వును కోయరు, దీపాన్నే మొక్క దగ్గరికి తీసుకెళ్తారు. పూజ కోసం కోయవచ్చిన మనిషికి పూలు తమ గోడు చెప్పుకున్నట్టు కరుణశ్రీ రాసిన పుష్పవిలాపం తెలుగువాళ్ల మనసులో వేసిన ప్రశ్నకు, తెలిసో తెలియకో ఈ ఆచారం ఒక జవాబు చెబుతోంది. దేవుడి దగ్గరికి పువ్వును తీసుకెళ్లనక్కరలేదు, పువ్వున్న చోటికే మనం వెళ్లవచ్చు. కోయాలనుకునేవాళ్లు తెల్లవారి వాడబోయే ముందు కోసినా మొక్కకు నష్టం లేదు. అహింసనే మొదటి పువ్వుగా ఎంచి ఎనిమిది గుణాలను పువ్వులుగా సమర్పించమన్న మాట మన పూజా సంప్రదాయంలోనే ఉంది కాబట్టి, కోయకుండా పూజించడం సంప్రదాయానికి కొత్త కాదు.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ‘మనుషులు ఆకలితో ఉండగా కుండీలోని మొక్క సేవను ధర్మమనడం సుఖంగా ఉన్నవాళ్ల తృప్తి కాదా?’ మొక్కను ప్రేమగా చూసుకుంటూ పనిమనిషితో కఠినంగా ఉండేవాళ్లు ఉన్నారు, దాన్ని ఒప్పుకోవాలి. మొక్కల సేవ మనుషుల సేవకు బదులు కాదు, దానంతటదే మనిషిని మంచివాణ్ని చేయదు. కానీ పైన చెప్పిన కొలమానం రెండు చోట్లా ఒకటే. ఎదుటివారి అవసరం చూడడం, మన ఆత్రాన్ని వాళ్ల మీద రుద్దకపోవడం, ఫలితం మన హక్కనుకోకపోవడం, మన మీద ఆధారపడినవాళ్లను మధ్యలో వదలకపోవడం. మొక్క విషయంలో ఈ కొలమానాన్ని ఒప్పుకుని ముసలి తల్లిదండ్రుల విషయంలో, పిల్లల చదువుల విషయంలో, ఇంట్లో పనిచేసేవారి విషయంలో కాదనడానికి ఏ తర్కమూ లేదు. పువ్వు రాకపోతే మొక్కను తిట్టకూడదని తెలిసినవాడు, ర్యాంకు రాని పిల్లవాణ్ని తిట్టడానికి కారణం వెతుక్కోలేడు.

అందువల్ల బ్రహ్మకమలం పూసిన ఇంట హారతి ఆపమని నేను చెప్పను. కోరికల చిట్టా విప్పడం ఆపమంటాను. పూయని ఇంటివాళ్ల పుణ్యాన్ని తూచడం ఆపమంటాను. ఈ మొక్క మన దగ్గర గింజలతో వ్యాపించలేదు, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి కొమ్మ ముక్కగా వచ్చింది. కాబట్టి పువ్వు చూడడానికి వచ్చిన ఇరుగుపొరుగుకు ప్రసాదంతో పాటు, పూత కాలం ముగిశాక జానెడు కొమ్మ ఇస్తామని మాట ఇవ్వాలి. కోసిన చోటు వారం రోజులు నీడలో ఆరనిచ్చి గుల్ల మట్టిలో నాటుకోమని, వెలుతురు ఎటు నుంచి రావాలో, నీళ్లు ఎప్పుడు ఆపాలో చెప్పాలి. తనకు దక్కినదాన్ని తన పుణ్యఫలంగా దాచుకున్నవాడికి అది గొప్పగా మిగులుతుంది. కారణాలతో సహా పంచినవాడికే అది ధర్మమవుతుంది.